సరే అన్నప్పటి రంగు

ప్రెస్సులో రంగులు సరిచూసే గది. బూడిదరంగు గోడలు, కిటికీ లేదు. బల్లమీద ఒక దీపం, ఒక కంప్యూటరు, షేడ్ కార్డుల కట్ట.

“ముందు ఆ బూడిదరంగు కోటు వేసుకో, తమ్ముడూ. తరవాత మాట్లాడు.”

“వేసుకుంటానక్కా. ఎక్కువ పని కాదు. కంప్యూటర్లో ఈ రంగు పెట్టాను. దీనికి మీ షేడ్ కార్డులో ఏ నంబరు దగ్గరో చెప్పండి, వెళ్లిపోతాను.”

“బొత్తాలు కూడా పెట్టుకో. లోపలి చొక్కా రంగు తొంగి చూస్తే నా కళ్లు చెడతాయి. ఆఁ, ఇప్పుడు చెప్పు. దేనికి?”

“సబ్బుకి.”

“ఏం సబ్బు?”

“కొత్తది. ఇంకా పేరు పెట్టలేదు.”

“పేరు లేని సబ్బుకి డబ్బా డిజైను చేస్తున్నావా?”

“రంగు తేలితే పేరు దానంతటదే వస్తుందన్నాడు ఓనరు.”

“ఎవరా ఓనరు?”

“మీకు తెలీదులెండి.”

“ఈ ప్రెస్సుకి రాని సబ్బు ఓనరు ఎవరున్నారబ్బా. సరే, చూద్దాం. ఇంత పెద్దది చేశావేంటి? తెరంతా ఒకటే గులాబీ ముద్ద.”

“రంగు బాగా తెలుస్తుందని.”

“ముద్దంతా ఒకటే రంగు కూడా కాదు. ఈ మూల ఒకలా ఉంది, ఆ మూల ఒకలా ఉంది.”

“సబ్బు గుండ్రంగా ఉంటుంది కదక్కా. అంచుల్లో కాస్త మారుతుంది.”

“ఇదేంటి, నల్లగా? గీత పడ్డట్టుంది.”

“ఏదీ?”

“ఇదిగో. వెంట్రుకలా ఉందే. తమ్ముడూ, సబ్బుమీద వెంట్రుక ఉంది.”

“అది... వాడిన సబ్బు.”

“వాడిన సబ్బు ఫొటో పంపాడా నీ ఓనరు?”

“సహజంగా ఉంటుందని.”

“కాస్త చిన్నది చేసి చూస్తానుండు.”

“వద్దక్కా. అంతే ఉంచండి. ఆ బటను నొక్కకండి, అక్కా...”

“వాడిన సబ్బుకి చెవి మొలిచిందే! కమ్మ కూడా పెట్టుకుంది. ఇంకొంచెం చిన్నది చేస్తే ముక్కు. కళ్లు. చక్కగా ఉంది నీ సబ్బు. ఎవరీ పిల్ల?”

“టీచరు.”

“ఏం టీచరు?”

“లెక్కలు చెప్తుంది. మా ఇంటి అవతలి వీధిలో స్కూలు లేదూ, అందులో.”

“నీకేమవుతుంది?”

“అది తేల్చుకుందామనే మీ దగ్గరికి వచ్చాను.”

“నేను రంగులు చూసి చెప్తాను, తమ్ముడూ. చేతులు చూసి చెప్పను.”

“నాకు కావలసింది రంగే. ఒట్టు. చెప్తే నవ్వకూడదు.”

“నవ్వను. చెప్పు.”

“ముందే నవ్వుతున్నారు.”

“ఇది నా మామూలు మొహం. చెప్పు.”

“మొన్న వీడియో కాల్లో అడిగాను. పెళ్లి సంగతి.”

“అబ్బో! నువ్వే అడిగావా? మొన్నామధ్య మా మెషీనాయన్ని టీ కావాలా అని అడగడానికి గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడ్డావో నేను చూశాను. ఏమంది మరి?”

“సరే అంది.”

“ఇంకేం కావాలి! శుభం. నాకెందుకు చెప్పలేదు నువ్వు ఇన్నాళ్లూ? ఇక్కడ కూచుని సబ్బు సబ్బు అంటావేంటి?”

“అక్కా, ఏ సరే?”

“ఏ సరే ఏంటి?”

“సరేలు ఎన్ని లేవు? ‘సరే, ఉంటా’ అని ఫోను పెట్టేసే సరే ఉంది. ‘సరే, చూద్దాంలే’ అని తప్పించుకునే సరే ఉంది. పిల్లాడు లెక్క చేసి చూపిస్తే టిక్కు కొట్టి, ‘సరే’ అని తరవాతి వాణ్ని పిలుస్తుంది, అదొకటి. మా అమ్మ ‘సరే, నీ ఇష్టం’ అందంటే ఇంట్లో వారం దాకా గిన్నెలు తప్ప మనుషులు మాట్లాడరు, అదొకటి. వీటిలో ఇది ఏదో నాకు తెలియాలి కదా.”

“పలికిన తీరు బట్టి తెలీదూ?”

“ఇస్త్రీ చేసినట్టు పలికింది. ఎక్కడా ఒక్క మడత లేదు.”

“తరవాత ఏమైనా అందా?”

“‘ఉంటాను, పేపర్లు దిద్దాలి’ అంది.”

“నువ్వేమన్నావు?”

“నేనూ సరే అన్నాను.”

“నీది ఏ సరే?”

“నాది భయం సరే.”

“అప్పుడే ఇంకోసారి అడగాల్సింది. ‘ఏంటి, నిజంగానేనా’ అని.”

“ఇంకోసారి అడిగితే మొదటి సరే చెల్లదు కదక్కా. అది కొట్టేసి కొత్తది చెప్పాలి. ఈసారి సరే అనకపోతే? ఉన్నదీ పోతుంది. అందుకే మళ్లీ ఫోను కూడా చెయ్యలేదు.”

“అప్పట్నుంచీ మాట్లాడనే లేదా?”

“ఆమె చేసింది. నేను ఎత్తలేదు.”

“ఎత్తలేదా!”

“ఎత్తితే ఏమంటుందో! ‘మొన్న సరే అన్నాను చూడు’ అని మొదలుపెడితే? ఆ ‘చూడు’ తరవాత మంచి మాట వస్తుందా ఎప్పుడైనా?”

“నువ్వు ఇంత దూరం ఆలోచించే బదులు...”

“అందుకనే రంగు పట్టుకున్నాను. సరే అంటున్నప్పుడు ఆమె చెంప ఎర్రబడింది. ఇదిగో, ఇదే ఆ ఫొటో. సరే అనే మాట నోట్లో ఉండగానే తీశాను.”

“పెళ్లికి అడుగుతూ ఫొటో తీశావా?”

“ఆధారం ఉండాలని.”

“నువ్వు పెళ్లికి అడిగావా, లారీ గుద్దితే సాక్ష్యం తీశావా?”

“నాకు మొహాలు చదవడం రాదక్కా. చిన్నప్పట్నుంచీ అంతే. మా నాన్న కోపంగా ఉన్నాడో, నిద్రొస్తోందో కూడా నాకు తెలిసేది కాదు. దెబ్బ పడ్డాక కోపమని తెలిసేది. రంగులైతే నంబరు ఉంటుంది. ఇది సిగ్గే అని తేలితే, రేపే వెళ్లి వాళ్ల నాన్నగారితో మాట్లాడతాను.”

“తేలకపోతే?”

“ఆ స్కూలు వీధిలోంచి వెళ్లడం మానేస్తాను. చుట్టూ తిరిగి వస్తాను.”

“సిగ్గని నేనెలా తేల్చను? నా షేడ్ కార్డులో సిగ్గు లేదు.”

“మీరు నంబరు చెప్పండి చాలు. అదే రంగుతో ఒక కార్డు అచ్చు వేయించి ఆమె చేతికిస్తాను. అది చూసి ఆమెకే తెలుస్తుంది.”

“ఏం తెలుస్తుంది?”

“తను ఏ సరే అందో.”

“కార్డులో ఏం రాస్తావు? పేర్లు, తేదీ?”

“ఏమీ ఉండవు. ఉత్త రంగు.”

“ఉత్త గులాబీ అట్టముక్క తీసుకెళ్లి లెక్కల టీచరు చేతిలో పెడతావు.”

“అవును.”

“పెట్టి?”

“నిలబడతాను.”

“నిలబడతావు. బాగుంది. సరే కానీ, ఇది... ఏ సరే అని మొహం అలా పెట్టకు, ఇది పని సరే. దీపం వేస్తున్నాను. ముందు ఒక్క ముక్క విను. నీ కంప్యూటర్లో ఉన్నది వెలుగు. నా దగ్గరున్నది ఇంకు. అంటే ఒక రకం బురదే. వెలుగుని తెచ్చి బురదలో కలపమంటే అచ్చం అలాగే రాదు. దగ్గరగా వస్తుంది. దగ్గరితో సరిపెట్టుకుంటావా?”

“ఎంత దగ్గర?”

“చూడగానే అదే అనిపిస్తుంది. కాసేపు చూస్తే కాదనిపిస్తుంది.”

“నాకు కాసేపు చూసే అలవాటు, అక్కా.”

“తెలుసు. రంగు కొలిచే మీటరు పెట్టి చూద్దాం.”

“అయ్యో, చెంపమీద ఆనించకండి!”

“ఏం?”

“ఆమెకి చెప్పకుండా...”

“ఇది గాజు పలక, తమ్ముడూ. ఆ పిల్ల అవతలి వీధిలో ఉంది. చెయ్యి తియ్యి. ఆఁ, వచ్చింది. ఇప్పుడు కార్డుల్లో... గులాబీలు ఇక్కడ... ఇది కాదు, ఇది మరీ ముదురు... ఇదిగో! ఇది పెట్టి చూడు పక్కన.”

“అబ్బ! అదే.”

“అదే కదా?”

“అదే అక్కా! ఇదే ఆమె చెంప. ఇంత తొందరగా దొరుకుతుందనుకోలేదు. దీన్ని నేనెక్కడో చూశాను. బాగా తెలిసిన రంగులా ఉంది. మొదట్నుంచీ నా మనసులో ఉందేమో ఈ రంగు.”

“మనసులో కాదు. పోయినేడు నువ్వే వాడావు.”

“నేనా? దేనికి?”

“చెప్పమంటావా?”

“చెప్పండి.”

“మొలల మందు డబ్బాకి. పెద్ద గొట్టం, చిన్న గొట్టం, రెండింటికీ ఇదే నంబరు. నువ్వే పట్టుబట్టావు. ఈ రంగు చూస్తే మంట తగ్గినట్టుంటుందన్నావు.”

“అక్కా, దయచేసి ఇంకోటి చూడండి.”

“దీనికంటే దగ్గరిది లేదు.”

“పక్కనున్నది?”

“ఇదా? పెట్టి చూడు. ఒక్క మెట్టు ఎరుపెక్కువ.”

“ఇందులో ఆమెకి జ్వరంగా ఉంది.”

“ఈ పక్కది? ఒక్క మెట్టు తక్కువ.”

“ఇందులో నేనెవరో ఆమెకి తెలీదు.”

“ఇది?”

“ఇందులో కోపంగా ఉంది. చూడండి, ఇప్పుడే ఎవరో లెక్క తప్పు చేశారు.”

“అయితే మొలల మందే.”

“ఆ మాట అనకండి. నంబరు చెప్పండి.”

“ఇంకో చిక్కుంది. ఇది ఈ దీపం కింద కుదిరింది. పగటి వెలుగులాంటి దీపం ఇది. నువ్వు ఆమెకి కార్డు ఎక్కడిస్తావు?”

“వాళ్లింట్లో.”

“ఇంట్లో దీపం పసుప్పచ్చగా ఉంటుందా, తెల్లగా ఉంటుందా?”

“పచ్చగా.”

“ఇదిగో, పచ్చ దీపం వేశాను. ఇప్పుడు చూడు కార్డు.”

“ఇదేంటి! ఇటుకలా అయిపోయింది!”

“అందుకే అడిగాను. దీపం మారిస్తే రంగు మాట మారుస్తుంది.”

“అయితే స్కూలు దగ్గరే ఇస్తాను. గేటు బయట, ఎండలో.”

“మబ్బు పడితే?”

“ఆగుతాను.”

“వానపడితే?”

“అక్కా, మీరు నాకు రంగు చూపిస్తున్నారా, పెళ్లి ఆపుతున్నారా?”

“నేనేం ఆపట్లేదు నాయనా. నీ మంచికే ఇంత సరిచూడ్డం. ఇంతకీ ఈ ఫొటో ఏ దీపం కింద తీసింది? అది తెలీకుండా రంగు కుదిరిందని ఎలా అంటాం? ఏ రంగైనా చూడాలంటే ముందు తెలుపు చూడాలి. ఇందులో తెల్లగా ఉండాల్సింది ఏదైనా చూపించు. తెల్ల కాగితం, తెల్ల గోడ, ఏదో ఒకటి.”

“గోడ చీకట్లో ఉంది. కాగితాలేం లేవు. ఆఁ, పళ్లు! సరే అంటుంటే పై పళ్లు కనపడ్డాయి చూడండి. ఆమె పళ్లు ఎంత తెల్లగా ఉంటాయో! పిల్లలకి పళ్లు తోముకోవడం గురించి చెప్పాలంటే హెడ్మాస్టరు ఆమెనే పంపుతాడు.”

“మంచిది. పళ్లమీద మీటరు పెడుతున్నా.”

“పెట్టండి.”

“ఊఁ.”

“ఏమైంది?”

“ఇంకోసారి పెడతానుండు.”

“ఏమైందక్కా?”

“పళ్లు కూడా గులాబీగా ఉన్నాయి.”

“చెంపకి దగ్గరగా ఉన్నాయి కదా.”

“చెంప ఎంత ఎరుపుందో పళ్లూ అంతే ఎరుపున్నాయి. కంటి తెలుపు చూద్దాం. అదీ అంతే. ఇదేంటి, వెనకాల? దిండా?”

“దిండే. తెల్ల గలీబు.”

“దిండూ గులాబీయే. తమ్ముడూ, చెంప సిగ్గుపడిందంటే ఒప్పుకుంటాను. పళ్లు సిగ్గుపడతాయా?”

“బాగా సిగ్గుపడితే...”

“దిండు? నువ్వు పెళ్లికి అడిగావని దిండు ఎర్రబడిందా?”

“ఆగండి. ఆగండి. మీటరు చెడిపోయుంటుంది.”

“ఇప్పటిదాకా బాగానే ఉంది కదా, చెడ్డవార్త చెప్పగానే చెడిపోయిందా? ఆ పిల్లమీద ఏదో ఎర్రటి వెలుగు పడింది, అంతే. దాన్ని తీసేసి చూద్దాం. పళ్లు తెల్లబడే దాకా ఎరుపు తగ్గిస్తాను.”

“వద్దు.”

“చూద్దాం, ఏముందందులో.”

“వద్దక్కా. మీరు పళ్లు తెల్లగా చెయ్యండి, చెంప మాత్రం అలాగే ఉంచండి.”

“అలా ఎలా కుదురుతుంది? మొహం ఒకటే కదా. తగ్గిస్తున్నా. ఇంకొంచెం. ఇదిగో, పళ్లు తెల్లబడ్డాయి. చూడు.”

“నేను చూడను. మీరు చెప్పండి.”

“మామూలు చెంప. బాగుంది పిల్ల. కళగా ఉంది. కానీ ఇది ఏ ఎరుపూ లేని మామూలు చెంప.”

“కొంచెం కూడా లేదా?”

“ఉండొచ్చు. వెలుగుతోపాటు అదీ పోయుండొచ్చు. ఏది దీపానిదో ఏది మనిషిదో విడదీసి చెప్పే మీటరు నా దగ్గర లేదు.”

“మళ్లీ పెట్టండి.”

“ఏంటి?”

“ఎరుపు. మళ్లీ పెట్టండక్కా. ఇలా చూడలేకపోతున్నాను.”

“పెట్టాను. ఇదిగో, నీ గులాబీ నీకొచ్చింది. మంచినీళ్లు తాగుతావా?”

“ఇంకెందుకు? అది తీసెయ్యండి, దాచెయ్యండి. అంటే ఉత్త సరేయే. ‘సరే, ఉంటాను.’ ఇస్త్రీ సరే. ఆమె మామూలు మొహంతో, మామూలుగా, ఎవరో మర్యాదగా అడిగారు కదా అని మర్యాదగా అంది. మంచిదే. నాకేం బాధ లేదు. రేపట్నుంచీ మార్కెట్టు వైపు నుంచి తిరిగి వస్తాను. అటు గాలి కూడా బాగుంటుంది.”

“మార్కెట్టు వైపు మురిక్కాలవ ఉంది.”

“అలవాటవుతుంది.”

“అలా కూలబడకు. ఒక మాట విను. మా ఆయన మొదటిసారి నాతో ఏమన్నాడో తెలుసా?”

“ఎవరు, మెషీనాయనా? ఆయన మాట్లాడతారా?”

“‘జరగండి’ అన్నాడు. మెషీనుకి అడ్డంగా నిలబడ్డాను. జరిగాను. ఆ రోజంతా ఆ ‘జరగండి’లో ఏముందా అని నేనూ నీలాగే తల బద్దలు కొట్టుకున్నాను. ప్రేముందా, కోపముందా, నేను లావుగా ఉన్నానని ఎత్తిపొడుపా?”

“ఏముంది?”

“జరగమని ఉంది. పెళ్లయ్యాక నేనే అడిగాను. ‘రోలరు తగులుతుందని చెప్పాను’ అన్నాడు. మాటలో ఏముందో అన్నవాళ్లనే అడగాలి, తమ్ముడూ.”

“ఏమని అడగను? ‘నీ సరే ఏ సరే’ అనా? ‘నీ పళ్లు ఎందుకు ఎర్రగా ఉన్నాయి’ అనా?”

“రెండోది బాగుంది. అదే అడుగుదాం. నీ ఫోనివ్వు.”

“నేనివ్వను. అక్కా! కోటు జేబులోంచి అలా... అక్కా, అది పెద్దవాళ్లు చెయ్యాల్సిన పని కాదు...”

“పేరు ఏమని పెట్టుకున్నావు? ‘టీచరు’. ఇదేనా?”

“అది నొక్కకండి.”

“నొక్కేశాను. వీడియోయే.”

“పెట్టెయ్యండి! పెట్టెయ్యండి, దండం పెడతాను! స్కూల్లో ఉంటుంది. క్లాసు జరుగుతుంటుంది. పిల్లల చదువు...”

“హలో! ఇన్నాళ్లకి గుర్తొచ్చానా? ఎన్నిసార్లు చేశాను నీకు... ఎవరండీ మీరు?”

“నమస్తే, టీచరుగారూ. కంగారు పడకండి. నేను ప్రెస్సులో రంగులు చూస్తాను. ఈ డిజైనరు అబ్బాయి మా దగ్గరికే వస్తుంటాడు, నాకు తమ్ముడిలాంటివాడు.”

“అతనికేమైనా అయిందా?”

“ఏమీ కాలేదు. బాగానే ఉన్నాడు.”

“ఏడీ మరి? మీరు ఫోను ఎత్తారేంటి?”

“ఇక్కడే ఉన్నాడు. బల్ల కింద.”

“బల్ల కిందా?”

“పెన్ను పడిందట.”

“ఎప్పుడు పడింది?”

“మీరు హలో అన్నప్పుడు.”

“నాకు ఇంకో పిరియడ్ ఉందండీ. ఏం సంగతి?”

“చిన్న సందేహం, పని మీదే. మొన్న మీరు వీడియోలో మాట్లాడుకున్నారు కదా. అప్పటి ఫొటో ఒకటి మా దగ్గరుంది.”

“ఏ ఫొటో? నాది ఎవరు తీశారు?”

“అక్కా, అది చెప్పొద్దు...”

“ఆ గొంతు బల్ల కిందిదేనా?”

“అదే. కోప్పడకండమ్మా. మీరు సరే అన్నప్పుడు తీసుకున్నాడు. అందులో మీ మొహం గులాబీగా ఉంది. సిగ్గు అంటాడు ఇతను. ఆ రంగుతో కార్డు వెయ్యమని వచ్చాడు. మీటరు పెడితే పళ్లు కూడా గులాబీ, దిండు కూడా గులాబీ. ఇక అప్పట్నుంచీ మీది ఏ సరే అని ఇక్కడ ఒకటే ఏడుపు.”

“నేను ఏడవలేదు!”

“ఏ సరే అంటే?”

“సరేలు చాలా ఉన్నాయట. టిక్కు కొట్టేది, తప్పించుకునేది, ఫోను పెట్టేసేది.”

“అది తెలీకే మూడ్రోజులుగా ఫోను ఎత్తలేదా? ఒరేయ్ డిజైనరూ, బయటికి రా.”

“పెన్ను ఇంకా దొరకలేదు.”

“అమ్మా, మీరు చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు సిగ్గుపడ్డారా లేదా?”

“అదేం ప్రశ్నండీ! నాకేం తెలుసు? నా మొహం నేను చూసుకోలేదుగా.”

“సరే, పోనీ దీపం సంగతి చెప్పండి. ఆ గదిలో ఎర్ర దీపం ఉందా?”

“లేదండీ. అసలు దీపమే లేదు. పేపర్లు దిద్ది దిద్ది కళ్లు మండుతుంటే లైటు తీసేసి పడుకున్నాను. అప్పుడు ఇతని ఫోనొచ్చింది.”

“దీపం లేకపోతే మొహం ఎలా కనపడింది? ఎర్రగా ఏదో వెలుగుండాలే.”

“ఉంది. ఫోను వెలుగు.”

“ఫోను ఎర్రగా ఎందుకుంటుంది?”

“ఇతని మూలంగానే. ఫోను అడ్డంగా పట్టుకున్నాడు. కెమెరా మీద వేలు పెట్టేశాడు.”

“వేలా?”

“వేలే. ఫోనుకి ఎదురుగా పెద్ద లైటు పెట్టుకుంటాడు కదా, ఆ వెలుగు వేల్లోంచి వచ్చి నా ఫోనంతా ఎర్రగా అయిపోయింది. మనిషి లేడు, మొహం లేదు. ఒక ఎర్రటి వెలుగు, అందులోంచి గొంతు.”

“తమ్ముడూ, విన్నావా? నువ్వు మొలల... నువ్వు కార్డులో వెతికించింది నీ వేలి నెత్తురు రంగు. బయటికి రా ఇంక. ఫోన్లో మూలన నీ బొమ్మ కనపడుతుంది కదా, ఎర్రగా ఉందని చూసుకోలేదా?”

“ఆ మూల చూస్తే నాకు మాట రాదక్కా. నా మొహం నన్నే చూస్తున్నట్టుంటుంది. అందుకని అక్కడ ఒక స్టిక్కరు అంటించుకుంటాను.”

“చూశారా అమ్మా మా వాడి సంగతి! మరి వేలు ఎప్పుడు పెట్టాడు? అడిగేటప్పుడా?”

“అంతకు చాలాసేపటి ముందే. మొదట మొహమే కనపడింది. అప్పుడు వాతావరణం గురించి మాట్లాడాడు. తరవాత మా స్కూలు గేటుకి రంగు వెయ్యాలన్నాడు. తరవాత మళ్లీ వాతావరణం. వేలు పడ్డాక ‘ఒకటి అడగాలి’ అని రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాడు. ఆ తరవాత అడిగాడు.”

“మీరు చెప్పొచ్చు కదా ‘వేలు తియ్యి, నువ్వు కనపడట్లేదు’ అని? ఇంత గొడవ ఉండేది కాదు.”

“చెప్పబోయానండీ. నోటిదాకా వచ్చింది. ఆ వేలు తీస్తే ఇంక ఈ జన్మలో అడగడేమో అనిపించి, ఊపిరి బిగబట్టుకుని ఆ ఎరుపులోనే కూచున్నాను.”